చాలా సేపు అంటే ఎంతసేపు?

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. ఎంతమందికి వచ్చిందని మాత్రం అడగకండి. సూర్యాపేటలో ఏ బట్టల షాపుకు పోయినా, ఏ మందుల షాపుకు పోయినా కౌంటర్ వెనక నుంచి ఎవరో ఒకరు లేచి "నమస్తే సార్, మంచిగున్నరా?" అంటారు. అది కూడా తెలుగులోనే. నేను చెప్పిన ఇంగ్లిష్ ఏ గాలికి కొట్టుకుపోయిందో నాకే తెలియదు.

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లు ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి రాసివ్వండి" అన్నారు. బదిలీల గురించి రాయనా, పరీక్షల డ్యూటీల గురించి రాయనా అనుకున్నాను. అవి మీకూ ఎలాగూ వస్తాయి, అనుభవిస్తారు. నాకు మనసులో మెదిలింది ఒక జర్మన్ నాటకం. ఇంకా నిజం చెప్పాలంటే ఆ నాటకంలోని చివరి రెండు వాక్యాలు. నా ఆఖరి ఏడాది సర్వీసును ఆ రెండు వాక్యాలే తినేశాయి. పేర్లు ఎవరివీ రాయను. ఇందులో ఉన్నవాళ్ళు చాలామంది నాకు రోజూ కూరగాయల మార్కెట్లో ఎదురుపడతారు.

కాలేజీకి తనిఖీ వస్తుందంటే ప్రిన్సిపాల్ గారు లైబ్రరీ దుమ్ము దులిపే పని నాకు అప్పజెప్పారు. బీరువా మీద అట్టపెట్టెలు రెండు ఉన్నాయి. ఎప్పుడో మూతపడ్డ ఒక మిషన్ దవాఖాన వాళ్ళు దానంగా ఇచ్చినవట, తాళ్ళు కూడా విప్పలేదు. అందులో దొరికింది ఈ పలచని పుస్తకం. ఎడమ పేజీలో జర్మన్, కుడి పేజీలో ఇంగ్లిష్. తనిఖీ వాళ్ళు వచ్చి టీ తాగి వెళ్ళారు. పుస్తకం నా సంచీలో ఇంటికి వచ్చింది.

కథ చాలా చిన్నది. ఒక నది, ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పడవ నడిపేది ఒక ఆడమనిషి. ఒక పొద్దున పొగమంచు కమ్ముకుని ఉంటుంది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో మూడుసార్లు పిలుస్తారు. పడవామెకు జ్వరం. ఊళ్ళో మిగతావాళ్ళందరికీ పిలుపు వినపడుతుంది, ఎవరో ఒకరు పోతారులే అని అందరూ అనుకుంటారు. ఎవరూ పోరు. ఆ మనిషి చూసి చూసి, తనంతట తనే నీళ్ళలో దిగి మునిగిపోతాడు. మర్నాడు విచారణకు అధికారి వస్తాడు. ఒక్కొక్కరినే పిలిచి అడుగుతాడు. ఒక్కొక్కరూ "నాకు వినపడలేదండీ" అంటారు. పడవామె కూడా అదే అంటుంది. అధికారి కాగితం మీద అదే రాసుకుని వెళ్ళిపోతాడు. అందరూ హమ్మయ్య అని కూర్చున్నాక, అవతలి ఒడ్డు నుంచి మళ్ళీ పిలుపు వస్తుంది. ఇంకెవరో పిలుస్తున్నారు. అక్కడితో నాటకం అయిపోతుంది.

దాన్ని సెలవుల్లో తెలుగు చేశాను. నాకు జర్మన్ రాదు. ఇంగ్లిష్ పక్కన పెట్టుకునే చేశాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు. అయితే చివరి పేజీ దగ్గర ఒక అనుమానం వచ్చింది. ఇంగ్లిష్‌లో పిలుపు తర్వాత "విరామం" అనే ఒక్క మాట ఉంది, తర్వాత తెర. ఎడమ పక్క జర్మన్‌లో మాత్రం అదే చోట రెండు వాక్యాలు ఉన్నాయి. ఒక్క మాటకు రెండు వాక్యాలేమిటి? ఫోన్లో నిఘంటువు తీసి ఒక్కొక్క మాటే వెతికాను. "ఎవరూ పలకరు. చాలా సేపు." అంతే. ఇంగ్లిష్‌లోకి మార్చిన మహానుభావుడు ఇదంతా ఎందుకులే అనుకుని ఒక్క మాటలో తేల్చేశాడు.

ఇగ నాకు తోచనివ్వలేదు. చాలా సేపు అంటే ఎంతసేపు? పుస్తకం వెనక ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. రెండు నెలలకు ఈ-మెయిల్ వచ్చింది. నాటకం రాసినావిడ పోయి చాలా ఏళ్ళయిందట. జవాబు రాసింది ఆమె కూతురు, ఆమెకూ డెబ్బై దాటాయి. "ఎంతసేపో మా అమ్మ ఎవరికీ చెప్పలేదు. మొదటి ప్రదర్శన రిహార్సల్‌లో డైరెక్టర్ గడియారం తీస్తే, ఆయన్ను బయటికి పొమ్మన్నదట" అని రాసింది. దాంతోపాటు ఒక కాగితం పంపింది. తెలుగులో మూడు ప్రదర్శనలకు అనుమతి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. మూడో ప్రదర్శన వీడియో పంపితే, అది చూసి పుస్తకంగా వేసుకోవడానికి, ఆ తర్వాత ఆడుకోవడానికి అనుమతి ఇస్తానంది. లేదంటే తెలుగు ప్రతి బీరువాలోనే ఉండిపోవాలి.

నేను సంతకం చేసి పంపాను. నా మనసులో మాట దాచడమెందుకు, అప్పటిదాకా నా పేరుతో అచ్చయినవి రెండు పరీక్షల గైడ్లు మాత్రమే. పోయేలోపు అట్ట మీద నా పేరున్న ఒక్క అసలైన పుస్తకం చూసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది.

నాటకానికి మనుషులు కావాలి. పడవామె వేషానికి మా కెమిస్ట్రీ మేడం దొరికింది. ఆమెది పాలకీడు దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, క్లాసులో ఇంగ్లిష్, స్టాఫ్ రూంలో తెలుగు, మూడింట్లోనూ ఎవరికీ తలొంచదు. ఇంకొకాయన మా పాత రికార్డు అసిస్టెంట్, అప్పటికే రిటైరయ్యాడు. వయసులో నాకంటే పెద్ద, మేమంతా అన్నా అంటాం. సూర్యాపేటలో ఏ నాటకం ఆడినా తెర పక్కన స్టూలు వేసుకుని, పుస్తకం పట్టుకుని ప్రాంప్టింగ్ ఇచ్చేది ఆయనే. మా వైపు నటులకు సగం డైలాగులే నోటికి వస్తాయి, మిగతా సగం తెర పక్క నుంచి అందాలి. తన కాలంలో స్టేజీ మీద ఒక్క మనిషిని కూడా నోరు తెరుచుకుని నిలబడనివ్వలేదని అన్నకు మహా గర్వం. గొంతు కూడా గట్టిది. అవతలి ఒడ్డు పిలుపు కూడా ఆయనకే ఇచ్చాను.

ఆ పిలుపును తెలుగులో ఏమని రాయాలో నాకు అర్థం కాలేదు. నేను రాసింది విని అన్న పకపక నవ్వాడు.

"సార్, 'ఓ నావికుడా' అని ఎవలన్న పిలుస్తరా? మా చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున పుట్టిలు ఉండేటియి. ఒడ్డుకు నిలవడి 'ఓ పుట్టోయ్… పుట్టి తేవోయ్' అని ఒర్రేటోళ్ళు. అవతల ఉన్నాయన 'ఓయ్, వస్తున్న' అనేదాంక ఒర్రుడే."

"అవతలి వాడు పలకకపోతే?"

"పలకకపోవుడు ఉంటదా సార్? పలికినంక పుట్టి తేలేకపోతే తేలేకపోనియ్యి. ముందైతే పలకాలె."

అలా జర్మన్ పడవ మా నాటకంలో పుట్టి అయింది. వెదురు బుట్టలా గుండ్రంగా ఉండే పడవ అని రాసి ఫోటో పంపితే ఆ కూతురు మురిసిపోయింది. అది గిరగిరా తిరుగుతూ పోతుందా, మనుషులకు కళ్ళు తిరగవా, ఎవరు తయారు చేస్తారు అని మూడు ఉత్తరాలు రాసింది. ఆమెకు ఏది చూసినా ఆసక్తే, నాలాగే.

చివరి సన్నివేశం చదివి అన్న ముఖం మాడ్చుకున్నాడు. "గిదేం నాటకం సార్? పిలుస్తుంటే ఎవ్వలు పలుకకుంట కూసుంటే, మనోళ్ళు డైలాగు మర్శిపోయిండ్రు అనుకోరా జనం?"

"అనుకోనీ అన్నా. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి."

"సరే సార్. మీరు సెప్పిన్రు, అయిపాయె."

సూర్యాపేటలో మొదటి ప్రదర్శన మా కాలేజీ వార్షికోత్సవంలో. నాటకం బాగా నడిచింది. పిల్లలు కూడా ఈలలు వేయకుండా చూశారంటే మీరే అర్థం చేసుకోవచ్చు. అధికారి వెళ్ళిపోయాడు. తెర పక్క నుంచి అన్న మూడుసార్లు పిలిచాడు. మేడం, మిగతా నలుగురు కదలకుండా కూర్చున్నారు. మౌనం. నేను ముందు వరుసలో కూర్చున్నాను. నా నాటకం మొదటిసారి ప్రాణం పోసుకుంటున్నట్టు అనిపించింది.

అప్పుడు వినపడింది గుసగుస. "పలుకమ్మా… పలుకు. 'ఎవలది' అను." పైన వేలాడుతున్న మైకు దాన్ని పట్టుకుని హాలంతా వినిపించింది. మేడం పలకలేదు. అన్న గొంతు పెంచాడు. "ఏందమ్మా, మర్శినవా? 'ఎవలది' అను, సాలు!" వెనక బెంచీల నుంచి ఒక్కసారిగా "పలుకు మేడం! పలుకు!" అని కేకలు. హాలంతా నవ్వులు. తెర లాగేవాడు బెదిరిపోయి తెర దించేశాడు.

తెర వెనక్కి పోయేసరికి అన్న తల వంచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. తిడదామనే పోయాను.

"నోరు కట్టుకొనే ఉన్న సార్. కండ్ల ముంగట మనిషి ఆగిపోతే నాతోని కాలేదు. ముప్పై ఏండ్ల అలవాటు. నా లోపలోడు ఊకోలేదు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇగ ఏం తిడతాను?

రెండో ప్రదర్శన కోదాడలో నాటక పోటీలు. ఇక్కడ జరిగిన తప్పు అన్నది కాదు, నాది. దీని గురించి రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను.

సూర్యాపేట నవ్వులు నా చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి. కోదాడ అంటే పక్కనే ఆంధ్ర, పోటీలకు బెజవాడ వైపు నుంచి, గుంటూరు వైపు నుంచి చేయి తిరిగిన సమాజాలు వస్తాయి. అక్కడ కూడా నవ్వితే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఒక మధ్యాహ్నం కూర్చుని, ఆ మౌనం ఉన్న చోట పడవామెకు ఒక పేజీ డైలాగు రాశాను. "ఈ చెవులు విన్నాయి! ఈ కాళ్ళు కదలలేదు! ఓ నదీ, నీవే సాక్షివి!" అలా సాగుతుంది. రాసి, రెండుసార్లు చదువుకుని, నాకు నేనే కళ్ళు తుడుచుకున్నాను. బుద్ధి గడ్డి తినడం అంటే అదే.

మేడం చదివి కాగితం నా ముందు పెట్టింది.

"మంచిగనే ఉన్నది సార్. కానీ ఆమె ఇట్ల మాట్లాడే మనిషైతే, ఆ పొద్దున జ్వరంతోనే పుట్టి ఏసుకొని పోయేది గద?"

జవాబు లేనప్పుడు పెద్దరికం బయటికి తీస్తాం కదా, నేనూ అదే చేశాను. "నేను డైరెక్టర్‌ని మేడం. చెప్పింది చేయండి" అన్నాను. ఆమె చేసింది. అద్భుతంగా చేసింది. కీబోర్డు మీద ఎవరో వయోలిన్ ఏడుపు కలిపారు. హాలు చప్పట్లతో మారుమోగింది. నాకు ఉత్తమ రచన బహుమతి. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన నా భుజం తట్టి, "చివర్లో ఆ డైలాగు లేకపోతే నాటకం గాల్లో ఏలాడేదండీ మాస్టారూ. అదే ప్రాణం పోసింది" అన్నాడు. ఎవరి నాటకంలోనో నేను దొంగతనంగా దూర్చిన పేజీకి నాకు షీల్డు!

ఫోటో దిగడానికి రమ్మంటే మేడం రాలేదు. జీపులో తిరిగి వస్తున్నాం. మునగాల దాటాక ఆమె అంది.

"జర్మనీల ఆమెకు రాయండి సార్."

"ఎందుకు? ఆమె అడిగింది మూడో వీడియో కదా. ఇది ఆమెకు ఎట్ల తెలుస్తది?"

"తెల్వదు. నాటకంల ఆ అధికారికి గూడ తెల్వదు. ఇనపడలేదన్నరు, రాసుకొని పోయిండు. మనకు వాళ్ళకు ఫరక్ ఏముంది సార్?"

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ మాట నన్ను కొట్టినట్టు ఏ చెంపదెబ్బా కొట్టలేదు. ఆ రోజంతా మథనపడి, మర్నాడు ఉన్నదున్నట్టు రాసి పంపాను. నేను రాసిన పేజీని కూడా ఇంగ్లిష్ చేసి జత చేశాను. ఇంగ్లిష్‌లో చదువుకుంటే అది ఎంత చెత్తగా ఉందో అప్పుడు తెలిసింది.

అనుమతి రద్దు చేస్తుందనే అనుకున్నాను. వారం తర్వాత జవాబు వచ్చింది. "మీరు మొదటివారు కాదు. ఒక దేశంలో ఆ మౌనం మీద చర్చి గంటలు మోగించారు. ఇంకోచోట అవతల పిలిచినవాడు పడవామె ప్రియుడని చెప్పి, ఇద్దరినీ కలిపి పాట పెట్టారు. ఒక పెద్ద నగరంలో నాటకం అయిపోయిందనుకుని జనం లేచి ఆఖరి రైలు కోసం పరిగెత్తారు. మౌనాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచిన చోట్ల జనం దగ్గారు, కుర్చీల్లో కదిలారు, చివరికి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మా అమ్మకు అస్సలు నచ్చేవి కావు. ఎందుకో చెప్పేది కాదు. మీకు ఇంకొక ప్రదర్శన ఉంది కదా. భయపడకుండా ఆడండి."

ఇగ మిగిలింది ఒక్కటే ప్రదర్శన. నా రిటైర్మెంట్‌కు నెల రోజులుంది.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని నా పాత విద్యార్థి. ఆయుధపూజ సాయంత్రం మిల్లు ఆవరణలో కార్మికుల కోసం నాటకం వేయమని అడిగాడు. వడ్లు ఆరబోసే పెద్ద సిమెంటు కల్లం, ఒక చివర స్టేజీ. ఉడికిన వడ్ల వాసన, గాల్లో ఊక బూడిద. తెల్ల చొక్కా వేసుకుపోయిన నేను అరగంటలో మసిగుడ్డ అయ్యాను.

ఒకటే చిక్కు: అన్నను ఏం చేయాలి? పిలుపుకు ఆయన గొంతు కావాలి. తెర పక్కన కూర్చుంటే ఆయన లోపలివాడు ఊరుకోడు. తోవ మేడమే చెప్పింది.

"తెర పక్కన ఎందుకు సార్? అన్నను అవతలి ఒడ్డున నిలబెడదాం. కల్లం ఆ చివర, వడ్ల రాశుల వెనకాల. అక్కడికెళ్ళి స్టేజీ కనపడది. కనపడకపోతే ప్రాంప్టింగ్ ఎట్ల ఇస్తడు?"

అన్న కూడా ఒప్పుకున్నాడు. "మంచిగున్నది. నన్ను నా నుంచి దూరంగ పెట్టుండ్రి" అన్నాడు. మైకు లేదు. మూడుసార్లు పిలవాలి, తర్వాత తెర పడిందని కబురు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. పుస్తకం కూడా ఆయన చేతిలోంచి తీసేసుకున్నాను. అన్నప్రాశన నాటి నుంచి పుస్తకంతోనే ఉన్నట్టు ఆయన ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిప్పలు పడ్డాడు.

మేము ప్రాంప్టింగ్ ఆపడానికే ఈ ఏర్పాటు చేశాం. దానివల్ల ఇంకేమవుతుందో ఆలోచించలేదు. స్టేజీ ఒక పక్క, పిలుపు ఇంకో పక్క. నడుమ నేల మీద జనం. అంటే నది ఉండాల్సిన చోట వాళ్ళు కూర్చున్నారు.

హమాలీలు, డ్రైవర్లు, వేములపల్లి, హాలియా వైపు నుంచి పనికి వచ్చే ఆడవాళ్ళు, పిల్లలు. నాటకం మొదలయ్యాక గొణుగుళ్ళు ఆగాయి. "నాకు వినపడలేదు" అని స్టేజీ మీద ఒక్కొక్కరూ అంటుంటే కింద ఆడవాళ్ళు "అబద్ధం! ఇన్నడు! ఇందాక ఇన్నడు గద!" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అధికారి రాసుకుని వెళ్ళాడు. మా సైన్స్ ల్యాబ్ అటెండర్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

వెనక నుంచి, చీకటి పడుతున్న కల్లం ఆ చివర నుంచి వచ్చింది పిలుపు.

"ఓ పుట్టోయ్… పుట్టి తేవోయ్!"

జనం తలలు వెనక్కి తిరిగాయి. ఎవరూ కనపడలేదు. స్టేజీ మీద మేడం కళ్ళు ఎత్తలేదు. రెండోసారి. మూడోసారి గొంతు కొంచెం బొంగురుపోయింది. తర్వాత మౌనం.

ఎవరూ దగ్గలేదు. మిల్లు ఆపేసి ఉంది కాబట్టి ఏ చప్పుడూ లేదు. అయిపోయింది, ఇదే ఆ మౌనం, ఇంకొంచెం సేపు ఆగితే చాలు అని మనసులో దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను.

అప్పుడు వెనక వరుసలో ఒక ముసలామె లేచింది. మిల్లులో రాలిన గింజలు ఊడ్చే ఆమె, నడుం వంగి ఉంటుంది. చీపురు అక్కడే పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని, చీకట్లోకి చూస్తూ గట్టిగా అంది.

"ఓయ్! వస్తున్న! ఆడ్నే ఉండు కొడుకా, నీళ్ళల్ల దిగకు!"

పోయింది, మూడో ప్రదర్శన కూడా పోయింది. లేచి ఆమెను ఆపుదామని ఒక అడుగు వేశాను కూడా. ఎందుకో ఆగిపోయాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ వడ్ల రాశుల మధ్య నుంచి పోయింది. చాలా సేపు పట్టింది. ఎవరూ నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో అన్న చేయి ఉంది. ఆయన చిన్నపిల్లవాడిలా ఆమె వెనక నడిచి వస్తున్నాడు. జనం జరిగి వాళ్ళకు తోవ ఇచ్చారు. అన్నను స్టేజీ ముందుకు తీసుకొచ్చి, చేయి వదిలి, పైన కూర్చున్న ఐదుగురినీ ఒకసారి చూసి, ఆమె తన చోటుకు వెళ్ళి కూర్చుంది.

మేడం కదలలేదు. స్టేజీ మీద ఎవరూ పలకలేదు. తెర పడింది. చప్పట్లు లేవు.

తెర వెనక అన్న ముఖం తుడుచుకుంటూ అన్నాడు. "నేను అక్కడ ఒక్కణ్ణే నిలవడ్డ సార్. పిలుస్తున్న, పిలుస్తున్న, ఒక్క సప్పుడు లేదు. ఒక్క గడియ నాకు నిజంగనే భయమైంది. ఆమె గొంతు ఇనపడ్డంక పాణం లేసొచ్చింది." ఇంతకాలం అందరికీ మాట అందించిన మనిషికి ఆ రోజు ఒకరు మాట అందించారు.

వీడియో పంపాలా వద్దా అని ఈసారి తటపటాయించలేదు. మధ్యలో కత్తిరించలేదు, సర్దిచెప్పలేదు. "మేము ఒక్క మాట కలపలేదు. కలిపింది మా మిల్లులో పనిచేసే ఒకామె. ఆమెను ఆపడం నా చేత కాలేదు" అని రాశాను.

రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. నా రిటైర్మెంట్ సభ అయిపోయింది, శాలువాలు కప్పారు, ఇంటికి వచ్చాను. మర్నాడు వచ్చింది ఉత్తరం.

"ఇది ఎవరికీ రాయలేదు, మీకు రాస్తున్నాను. నాటకంలో ఉన్న ఊరు మా అమ్మ పుట్టిన ఊరు. ఆ పొద్దున అక్కడ నిజంగానే పిలుపు వచ్చినప్పుడు మా అమ్మ చిన్నపిల్ల, కిటికీ పక్కన పడుకుని ఉంది. ఆమెకు పిలుపు వినపడింది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఆ చప్పట్లు ఆమెకు ఎందుకు నచ్చేవి కావో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఎన్ని దేశాల్లో ఆడినా, ప్రతిసారీ ఆమె వెనక వరుసలో కూర్చుని జనాన్నే చూసేది, స్టేజీని కాదు. ఏం చూస్తుందో నాకు తెలిసేది కాదు. మీ వీడియో చూశాక తెలిసింది. పుస్తకం వేసుకోండి. చివరి రెండు వాక్యాలు అలాగే ఉంచండి. ఎవరైనా లేస్తే ఆపకండి. ఆమెకు నా నమస్కారం చెప్పండి."

ఆ ఉత్తరం పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు నడుస్తోంది, చెవులు గింగిర్లెత్తే చప్పుడు. ఆమె లారీ పక్కన గింజలు ఊడుస్తోంది. పక్కకు పిలిచి అంతా చెప్పాను. జర్మనీ అంటే ఎక్కడో చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను. దుప్పటి లాక్కున్న చిన్నపిల్ల గురించి చెప్పినప్పుడు "అయ్యో బిడ్డా, పసిది ఏం జేస్తది" అంది. అంతే, ఇంకేం ఆశ్చర్యపోలేదు.

నాకు అసలు అడగాల్సింది ఒకటి ఉంది. "అమ్మా, అది నాటకమని నీకు తెలుసా?"

"తెల్వకేంది సారూ. నేను సూడని నాటకాలా? పిలిచేటాయన మీ మనిషే, ఏం గాదని ఎరికే. అయితే పిలుస్తుండు గద. పిలిస్తే పలకాలె."

మళ్ళీ చీపురు అందుకుంది. నేను నమస్కారం పెట్టి బయల్దేరబోతుంటే, ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తింది.

"సారూ, ఇగ దీన్ని శాన ఊర్లల్ల ఆడుతరా?"

"ఆడుతం అమ్మా. పర్మిషన్ వచ్చింది గద."

"మరి నేను లేని ఊర్లె, ఆయన పిలుస్తుంటే ఎవలు పోతరు?"

జర్మన్ నుంచి తెలుగు దాకా ఆ నాటకంలో ప్రతి మాటకూ ఒక మాట వెతికి పెట్టినవాణ్ణి. ఆమె చీపురు పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను పలకలేదు. చాలా సేపు.